కొరియా గోబ్లిన్ - అహోబిలం అల్లుడు

దసరా సెలవులకో, సంక్రాంతి సెలవులకో ఇళ్ళకు పోయి వచ్చిన ప్రతిసారీ మన వసతి గృహంలో కొన్ని కొత్త మాటలు వినిపిస్తున్నాయి. "ఓప్పా", "ఉన్నీ", "అజుమ్మా"... ఇవి ఏ భాష మాటలని వార్డెన్ మేడమ్ అడిగితే "కొరియా భాష మేడమ్" అని ముసిముసి నవ్వులు. ఇంటి దగ్గర అన్న ఫోన్లోనో, పిన్ని ఫోన్లోనో పొద్దుపోయేదాకా కొరియా సీరియల్ చూసి వచ్చినవాళ్ళు, చూడనివాళ్ళకు లైటు తీసేసిన తరువాత కూడా కథ చెబుతూనే ఉంటారు. వినేవాళ్ళు "ఆ తరువాత?" అని అడుగుతూనే ఉంటారు.

నంద్యాల ఎక్కడ, కొరియా ఎక్కడ? వాళ్ళ తిండి వేరు, బట్ట వేరు, చలి వేరు. మనకు మంచు అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున పొలాల మీద కనిపించే పొగమంచే. అయినా ఆ కథలు మన పిల్లలకు ఇంతగా ఎందుకు నచ్చుతున్నాయి? ముఖ్యంగా దేవుడో, దెయ్యమో, వేరే లోకం మనిషో ఒక మామూలు అమ్మాయిని ప్రేమించే కథలకు అంత ఆకర్షణ ఎక్కడి నుంచి వచ్చింది? వీటిని తిట్టడం గానీ, నెత్తిన పెట్టుకోవడం గానీ ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కారణం ఏమిటో తరచి చూద్దాం. అలా చూస్తే ఆ కారణం కొరియా దాకా పోకుండానే, ఆళ్ళగడ్డ పక్కన అహోబిలం అడవిలోనే మనకు దొరుకుతుంది.

ఇంతకీ ఆ కథ ఏమిటి?

ఇలాంటి సీరియళ్ళలో బాగా పేరు పొందినది "గోబ్లిన్". కొరియాలో టీవీఎన్ అనే కేబుల్ ఛానెల్‌లో 2016 డిసెంబర్ 2న మొదలై, 2017 జనవరి 21న 16 భాగాలతో ముగిసింది. రాసినది కిమ్ ఉన్ సుక్ అనే రచయిత్రి. గోంగ్ యూ, కిమ్ గో ఉన్, లీ డోంగ్ వుక్, యూ ఇన్ నా ముఖ్య పాత్రలు వేశారు.

కథ క్లుప్తంగా ఇదీ. కిమ్ షిన్ కొర్యో రాజ్యంలో గొప్ప సేనాపతి. ఎన్నో యుద్ధాలు గెలిచి వస్తే, అసూయ పట్టిన రాజు అతనిని చంపిస్తాడు. గుండెలో దిగిన కత్తి అలాగే ఉండగా అతను చావులేని గోబ్లిన్‌గా లేస్తాడు. చావు లేకపోవడం వరం అనుకుంటాం కదా! అతనికి అది వరమూ, శాపమూ కూడా. తనకు ఇష్టమైనవాళ్ళందరూ ముసలివాళ్ళై, ఒక్కొక్కరే చనిపోతుంటే చూస్తూ 900 ఏళ్ళకు పైగా బతకాలి. ఆ కత్తి ఎవరికీ కనిపించదు. గోబ్లిన్ వధువు ఒక్కతికే కనిపిస్తుంది, ఆమె ఒక్కతే దానిని పెరకగలదు. పెరికితే అతనికి విముక్తి, అంటే అతను మాయమైపోతాడు.

ఆ వధువు ఎవరు? రాజకుమారి కాదు, ధనవంతుల బిడ్డా కాదు. జీ ఉన్ తక్ అనే 19 ఏళ్ళ బడి పిల్ల. (అది కొరియా లెక్క. అప్పట్లో వాళ్ళు పుట్టగానే ఒక ఏడు అని లెక్క వేసేవారు, మన లెక్కకు ఒకటి రెండేళ్ళు తక్కువ.) చిన్నప్పుడే తల్లి పోయింది. పెద్దమ్మ ఇంట్లో తిట్లూ దెబ్బలూ తింటూ, ఇంటి చాకిరీ చేస్తూ చదువుకుంటుంది. తల్లి చనిపోయినందుకు వచ్చిన బీమా డబ్బు కోసం ఆ ఇంటివాళ్ళు ఈ పిల్లను పీడిస్తుంటారు. ఈ పిల్లకు దెయ్యాలు కనిపిస్తాయి, అందుకని బడిలో ఎవరూ పక్కన కూర్చోరు. పుట్టినరోజు నాడు ఒంటరిగా సముద్రం ఒడ్డున కొవ్వొత్తి ఊదుతూ మూడు కోరికలు కోరుకుంటే, గోబ్లిన్ ప్రత్యక్షమవుతాడు. ఆమె మంట ఆర్పినప్పుడల్లా, ఎక్కడున్నా, ఇష్టమున్నా లేకపోయినా, అతను వచ్చి ఎదుట నిలబడాల్సిందే. నవ్వు పుట్టించేది కూడా అక్కడే.

ఆ ఇంట్లోనే ఒక యమదూత కూడా కాపురముంటాడు. నల్ల కోటు, నల్ల టోపీ. చనిపోయేవాళ్ళ పేర్లు రాసిన చీటీలు అతని చేతికి వస్తుంటాయి. పోయినవాళ్ళకు ఈ జన్మ సంగతులు మరిచిపోయేలా ఒక కప్పు టీ ఇచ్చి సాగనంపుతాడు. మన చిత్రగుప్తుడి చిట్టా గుర్తుకు రావడం లేదూ!

గోబ్లిన్ అంటే ఎవరు?

కొరియా జానపద కథల్లో "దొక్కేబి" అనే ఒక జీవి ఉంది. పాత చీపురుకట్టలు, వాడి పారేసిన సామాన్లు దొక్కేబిలుగా మారతాయని అక్కడి అవ్వలు చెబుతారు. దాని చేతిలో కోరినది ఇచ్చే ఒక దుడ్డుకర్ర, తలమీద పెట్టుకుంటే కనిపించకుండా పోయే ఒక టోపీ ఉంటాయట. దారినపోయేవాళ్ళను కుస్తీకి పిలుస్తుందట. భయపెట్టేదే గానీ, మంచివాళ్ళకు మేలు చేస్తుంది, ఆశబోతులకు బుద్ధి చెబుతుంది. మన పల్లెల్లో చింతచెట్టు మీద కొరివిదెయ్యాల కథలు చెప్పినట్టే అక్కడ దొక్కేబి కథలు చెబుతారు.

కిమ్ ఉన్ సుక్ చేసిన పని ఏమిటంటే, అవ్వలు చెప్పిన ఆ పాత జీవికి ఒక సేనాపతి చరిత్ర, ఒక గుండెకోత, ఒక మంచి కోటు తగిలించి నేటి నగరంలో నడిపించడం. అంటే ఆ కథ గాలిలో నుంచి పుట్టలేదు. కొరియావాళ్ళ ఇంటి అటక మీద ఉన్న పాత సామానునే తుడిచి, మెరుగుపెట్టి లోకానికి చూపించారు.

మరి మన అటక మీద ఏముంది?

అహోబిలం అడవిలో ప్రేమకథ

అహోబిలం మన ఆళ్ళగడ్డ మండలంలోనే ఉంది. 108 వైష్ణవ దివ్యదేశాలలో ఒకటి. ఎగువ అహోబిలం, దిగువ అహోబిలం కలిపి నల్లమల కొండల్లో తొమ్మిది నరసింహ క్షేత్రాలు ఉన్నాయి. హిరణ్యకశిపుడిని చీల్చిన తరువాత నరసింహస్వామి కోపం చల్లారలేదనీ, లక్ష్మీదేవి కూడా దగ్గరకు పోవడానికి జంకిందనీ, చివరికి పసివాడైన ప్రహ్లాదుడు దగ్గరికి వెళ్ళి శాంతింపజేశాడనీ భాగవతం చెబుతుంది.

కానీ మన ప్రాంతంలో చెప్పుకునే కథ ఇంకొకటి ఉంది. ఆ ఉగ్రరూపంతోనే స్వామి నల్లమల అడవిలో తిరుగుతుంటే, వేటకు వచ్చిన ఒక చెంచు పిల్ల కనిపించింది. ఆమెను చూడగానే కోపం కరిగిపోయింది. ఆమె లక్ష్మీదేవి అంశే అని కొందరంటారు. పెళ్ళాడతానని అడిగితే చెంచులు ఊరికే ఇచ్చారా? లేదు. "నీకు మా పని వచ్చునా? తేనె తీయగలవా? గడ్డలు తవ్వగలవా? వేటాడి తేగలవా?" అని పరీక్ష పెట్టారు. మూడు లోకాలు ఏలే దేవుడు చెంచుల దగ్గర చెట్టెక్కి, తేనె తీసి, గడ్డలు తవ్వి, మెప్పించి పిల్లను చేసుకున్నాడు. ఆమే చెంచులక్ష్మి. పావన నరసింహ క్షేత్రానికి అడవిలో చాలా దూరం నడిచిపోవాలి. ఆ క్షేత్రాన్ని చెంచులక్ష్మి స్థలంగా చెప్పుకుంటారు.

ఇది కేవలం కథగా మిగిలిపోలేదు. ఏటా కనుమ నాడు అహోబిలంలో పారువేట ఉత్సవం మొదలవుతుంది. జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరద స్వామి ఒకే పల్లకిలో కొండ దిగి, సుమారు 40 రోజులపాటు ఆళ్ళగడ్డ చుట్టుపక్కల 30కి పైగా పల్లెలు తిరుగుతారు. ఎందుకు? ఫాల్గుణ మాసంలో బ్రహ్మోత్సవాల్లో తన పెళ్ళి ఉంది కాబట్టి, అందరినీ స్వయంగా పిలవడానికి! పారువేట మొదలయ్యేటప్పుడు చెంచులు వచ్చి పల్లకి వైపు బాణాలు వేస్తారు. వాళ్ళు ఆడపిల్లవారు, అంటే స్వామికి అత్తింటివారు. ఆ పల్లెల్లో పుట్టిన పిల్లలు మన హాస్టల్లో కూడా ఉన్నారు. పల్లకి ఊళ్ళోకి వచ్చిన రోజు ఇంటికి చుట్టాలు ఎట్లా వస్తారో వాళ్ళనడిగి తెలుసుకోండి.

పెద్ద చదువులు చదివినవాళ్ళు కూడా ఈ ప్రేమకథను వదల్లేదు. అహోబిల మఠానికి చెందిన శఠగోప యతి "వాసంతికా పరిణయం" అనే సంస్కృత నాటకం రాశారు. అహోబిల నరసింహుడు వాసంతిక అనే వనకన్యను పెళ్ళాడడమే దాని కథ. అడవిలో గూడెం ప్రజలు చెప్పుకునే కథ సంస్కృత నాటకం దాకా పోయిందన్నమాట.

రాయలసీమలో ఇలాంటి బంధుత్వాలు ఇంకా ఉన్నాయి. శ్రీశైలం మల్లన్నను చెంచులు తమ అల్లుడంటారు, చెంచు మల్లయ్య అని పిలుచుకుంటారు. దేవుని కడపలో ఉగాది నాడు ముస్లిములు గుడికి వచ్చి వెంకటేశ్వరస్వామిని దర్శించుకుంటారు. బీబీ నాంచారి తమ ఇంటి ఆడపడుచు, స్వామి తమ అల్లుడు అని వాళ్ళ నమ్మకం. ఇతర చోట్ల దేవుడు తండ్రి, రాజు, ప్రభువు. మన సీమలో దేవుడు అల్లుడు కూడా!

రెండు కథలకూ ఉన్న పోలిక

ఇప్పుడు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి.

ఒకవైపు గుండెలో కత్తితో 900 ఏళ్ళుగా తిరుగుతున్న గోబ్లిన్. ఇంకొకవైపు గుండెలో ఆరని కోపంతో అడవిలో తిరుగుతున్న నరసింహుడు. ఇద్దరికీ అపారమైన శక్తి ఉంది. గోబ్లిన్ బాధపడితే వాన కురుస్తుంది, నరసింహుడు గర్జిస్తే లోకాలు వణుకుతాయి. కానీ తమ బాధను తాము తీర్చుకునే శక్తి మాత్రం ఇద్దరికీ లేదు. ఆ బాధను చూడగలిగినది, తీర్చగలిగినది ఒక్క అమ్మాయి. ఆ అమ్మాయి కూడా ఎవరు? ఒకరు పెద్దమ్మ ఇంట్లో చాకిరీ చేసే దిక్కులేని పిల్ల. ఇంకొకరు ఊరివాళ్ళు లెక్కలోకి తీసుకోని అడవి పిల్ల.

ఆకర్షణ అంతా ఇక్కడే ఉంది. "లోకం నన్ను చూడడం లేదు, కానీ నాలో లోకానికంతటికీ లేని ఒక చూపు ఉంది" అని ఆ కథ చెబుతుంది. వినే పిల్లకు కథలోని మగవాడి అందం కంటే ముందు నచ్చేది ఈ మాట. ఉదయం హాజరుపట్టీలో ఒక నంబరు, భోజనం వరుసలో ఒక కంచం, పరీక్ష హాలులో ఒక హాల్ టికెట్. ఇలా లెక్కలో ఉండడమే గానీ, ఒక మనిషి ప్రత్యేకంగా తన పేరు పెట్టి పిలిచి "నువ్వు తిన్నావా?" అని అడగడం ఎంతమందికి దొరుకుతుంది? కొవ్వొత్తి ఊదగానే ఎంత దూరంలో ఉన్నా వచ్చి నిలబడేవాడు ఒకడున్నాడు అనే ఊహ, ఇంటికి దూరంగా పెరిగే పిల్లలకు తీపిగా ఉండడంలో వింత లేదు.

తేడా కూడా చెప్పుకోవాలి. గోబ్లిన్ కథలో ఇద్దరి ప్రేమ ఇద్దరి మధ్యనే ఉంటుంది. మన చెంచులక్ష్మి కథలో పెళ్ళితో రెండు జనాలు కలుస్తాయి. దేవుడు పిల్లను ఎత్తుకుపోలేదు. వాళ్ళ గూడేనికి వచ్చి, వాళ్ళ పని నేర్చుకుని, వాళ్ళ మాటకు కట్టుబడ్డాడు. పెద్దవాడైనంత మాత్రాన పిల్ల ఊరికే రాదు, ఆమె వాళ్ళ మర్యాదను ముందు గెలవాలి. ఈ పాఠం మన కథలో బలంగా ఉంది.

అయితే ఒక మాట మరువకూడదు. పండగ నాడు పల్లకి ఎదుట చెంచులకు దక్కే గౌరవం మిగతా రోజుల్లో ఎంత దక్కుతోంది? ప్రభుత్వ లెక్కల్లో చెంచులు నేటికీ ప్రత్యేకంగా బలహీనమైన గిరిజన తెగల జాబితాలోనే ఉన్నారు. కథలో పిల్లను నెత్తిన పెట్టుకుని, ఊళ్ళో ఆ పిల్ల వారిని దూరం పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. ఆ సంగతి మన పిల్లలకు ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

తెలుగు తెర మీద

మన పెద్దవాళ్ళు కూడా ఇలాంటి కథలు చూసి మురిసినవాళ్ళే. చెంచులక్ష్మి కథ 1943లోనే తెలుగు సినిమాగా వచ్చింది, కమలా కోట్నీస్ చెంచు పిల్లగా నటించింది. తిరిగి 1958లో బి.ఎ.సుబ్బారావు దర్శకత్వంలో అక్కినేని నాగేశ్వరరావు, అంజలీదేవి జంటగా వచ్చిన "చెంచులక్ష్మి" ఊరూరా ఆడింది. కె.వి.రెడ్డి తీసిన "జగదేకవీరుని కథ" 1961లో వచ్చింది, అందులో దేవకన్యలు భూమికి దిగుతారు. 1990లో రాఘవేంద్రరావు తీసిన "జగదేకవీరుడు అతిలోకసుందరి"లో ఇంద్రుడి కూతురు ఉంగరం పోగొట్టుకుని, అనాథ పిల్లలను పెంచుకునే ఒక గైడు ఇంటికి వస్తుంది. 35 ఏళ్ళ తరువాత 2025లో దానిని మళ్ళీ విడుదల చేస్తే మళ్ళీ చూశారు. ఇక యముడు భూమికి వచ్చి అవస్థలు పడే సినిమాలు మనకు ఎన్నో!

కొరియా కథ తెలుగు సినిమా అయిన సందర్భం కూడా ఉంది. 2014లో వచ్చిన "మిస్ గ్రానీ" అనే కొరియా సినిమాను నందినీరెడ్డి 2019లో సమంత, లక్ష్మి ముఖ్య పాత్రలుగా "ఓ బేబీ" పేరుతో తీశారు. ముసలమ్మ ఫోటో స్టూడియోకు పోయి పడుచుపిల్లగా బయటకు రావడమే కథ. చూసినవాళ్ళలో ఎంతమందికి అది కొరియా కథ అనిపించింది? మన పక్కింటి అవ్వ కథలాగే అనిపించింది. దీనిని బట్టి తెలిసేదేమిటంటే, ఆ కథలు మనకు పరాయివి కావు.

నచ్చడానికి మరికొన్ని కారణాలు

మొదటిది, వరుసలు. కొరియావాళ్ళు కూడా మనలాగే మనుషులను వట్టి పేరు పెట్టి పిలవరు. ఆడపిల్ల అన్నను "ఓప్పా" అంటుంది, అక్కను "ఉన్నీ" అంటుంది. అమ్మను "ఒమ్మా", నాన్నను "అప్పా" అంటారు. పెద్దవాళ్ళతో మాట్లాడేటప్పుడు క్రియాపదమే మారిపోతుంది, మనం "రా" అనే చోట "రండి" అన్నట్టు. పెద్దల ముందు వంగి నమస్కరించడం, చెప్పులు బయట విడిచి ఇంట్లోకి రావడం, అన్నం తిన్నావా అని పలకరించడం, ఇవన్నీ మన ఇళ్ళలోవే.

రెండవది, నిదానం. వాళ్ళ సీరియల్లో చేయి పట్టుకోవడానికే ఎన్నో భాగాలు పడుతుంది. ఒక గొడుగు కింద ఇద్దరు నడిస్తే అదే పెద్ద సన్నివేశం. ఇంట్లో అమ్మ పక్కన కూర్చుని చూసినా తల దించుకోవలసిన అవసరం చాలావరకు రాదు.

మూడవది, ముగింపు. మన డైలీ సీరియళ్ళు ఏళ్ళ తరబడి సాగుతాయి. మొదలుపెట్టిన పిల్ల డిగ్రీ పాసైనా అత్తాకోడళ్ళ తగువు తీరదు. గోబ్లిన్ 16 భాగాలతో అయిపోయింది. కథకు ఒక మొదలు, ఒక చివర ఉంటే మనసుకు తృప్తి.

నాలుగవది, చావు గురించి మాట్లాడడం. మనలో అమ్మనో, నాన్ననో చిన్నప్పుడే పోగొట్టుకున్నవాళ్ళున్నారు. ఆ విషయం ఎవరితోనూ మాట్లాడలేరు. మాట్లాడితే ఎదుటివాళ్ళు ఇబ్బంది పడతారు. ఈ కథలో యమదూత మర్యాదగా టీ ఇస్తాడు, చనిపోయినవాళ్ళు వెనక్కి తిరిగి తమవాళ్ళను చూసుకుని పోతారు, మళ్ళీ జన్మ ఉంటుంది. నమ్మినా నమ్మకపోయినా, దుఃఖానికి ఒక రూపం దొరికితే కాస్త ఊరట.

ఐదవది, వాళ్ళు మనకు దగ్గరయ్యారు. 2019 నుంచి పెనుకొండ దగ్గర కొరియా కంపెనీ కియా కార్లు తయారు చేస్తోంది. మన సీమ పిల్లలు అక్కడ ఉద్యోగాలు చేస్తున్నారు. తెలుగులోకి డబ్ చేసిన కొరియా సీరియళ్ళు ఫోన్లలోకి వచ్చేశాయి.

చూసేటప్పుడు మరువకూడని సంగతులు

తీపి ఎక్కువైతే పళ్ళకు చేటు అంటారు. ఈ కథలోనూ ఆలోచించవలసినవి ఉన్నాయి.

ఆ అమ్మాయి బడి యూనిఫారంలో ఉన్న పిల్ల. అతను ఎంత మంచివాడైనా పెద్దవాడు, ధనవంతుడు, శక్తిమంతుడు. కథలో అతను గోబ్లిన్ కాబట్టి సరిపోయింది. బయట మోటారు సైకిల్ మీద వచ్చి "నిన్ను బాగా చూసుకుంటాను, చదువు మానెయ్" అనేవాడు గోబ్లిన్ కాడు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 ఏళ్ళు నిండకముందే పెళ్ళయిపోయింది. అంటే పదిమందిలో దాదాపు ముగ్గురు. మనలో చాలామంది ఇళ్ళలో "టెన్త్ అయింది కదా, ఇక చాలు" అనే మాట ఒక్కసారైనా వినిపించే ఉంటుంది. 18 ఏళ్ళ లోపు పెళ్ళి చేయడం 2006 నాటి చట్టం ప్రకారం నేరం. అలాంటిది ఏదైనా జరుగుతుంటే 1098కు ఫోన్ చేయవచ్చు.

ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. కథ చెప్పేవాళ్ళు ముద్దు మురిపాల దగ్గర ఆగుతారు గానీ, దీనిని వదిలేస్తుంటారు. గోబ్లిన్ వచ్చినంత మాత్రాన ఉన్ తక్ చదువు మానలేదు. కోడి వేపుడు అమ్మే హోటల్లో పని చేస్తూనే చదివింది. కొరియాలో "సునుంగ్" అనే కాలేజీ ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఆ పరీక్షలో ఇంగ్లీషు విని జవాబులు రాసే సమయంలో పిల్లలకు చప్పుడు వినిపించకూడదని విమానాలు దిగకుండా, ఎగరకుండా ఆపేస్తారు. పరీక్షకు ఆ దేశం ఇచ్చే విలువ అది. ఉన్ తక్ ఆ పరీక్ష రాసింది. కాలేజీలో చేరింది. కొన్నేళ్ళ తరువాత రేడియోలో కార్యక్రమాలు తయారు చేసే ఉద్యోగం సంపాదించింది. గోబ్లిన్ మాయమై, అతని జ్ఞాపకం కూడా ఆమె మనసులోంచి చెరిగిపోయిన తొమ్మిదేళ్ళు ఆమెను నిలబెట్టింది ఎవరు? ఆమె చదువు, ఆమె జీతం.

అతను మాయమైన వెంటనే ఆమె చేసిన పని ఇంకొకటి గమనించండి. జ్ఞాపకం చెరిగిపోతున్నదని తెలిసి, వానలో తడుస్తూనే నోటుపుస్తకంలో అతని పేరు, అతని గుర్తులు గబగబా రాసి పెట్టుకుంది. మంత్రాలూ మాయలూ ఏవీ నిలవలేదు గానీ, ఆ రాత నిలిచింది.

పత్తి గుత్తి

ఈ సీరియల్లో మన పిల్లలను అందరికంటే ఎక్కువగా ఏడిపించేది ప్రేమ సన్నివేశం కాదు. బడి చివరి రోజు సన్నివేశం. అందరి పిల్లలకూ అమ్మానాన్నలు పూలగుత్తులు తెచ్చారు. ఉన్ తక్ ఒక్కతే నిలబడి ఉంది. అప్పుడు శంషిన్ అవ్వ వస్తుంది. కొరియా నమ్మకంలో బిడ్డలను పుట్టించి కాపాడే దేవత ఆమె. ఉన్ తక్‌ను దగ్గరకు తీసుకుని, మెచ్చుకుని, చేతిలో ఒక గుత్తి పెడుతుంది. గులాబీలు కావు, మల్లెలు కావు. విచ్చుకున్న పత్తి కాయలు! అక్కడివాళ్ళ సంకేతంలో పత్తి అంటే తల్లి ప్రేమ. ఆ పిల్లను చిన్నచూపు చూసిన టీచరును కూడా ఆ అవ్వ ఊరికే వదలలేదు, నువ్వు ఇంకాస్త మంచి గురువుగా ఉండలేకపోయావా అన్నట్టు నిలదీసింది.

కొరియాలో ఆ గుత్తి చూసి ముచ్చటపడి, బడి చివరి రోజున పత్తి గుత్తులు ఇచ్చుకున్నారు. మనకు పత్తి గుత్తి అంటే ముచ్చట కాదు, పని. నంద్యాల చుట్టూ పత్తి చేలే. నంద్యాల వ్యవసాయ పరిశోధనా స్థానం తయారు చేసిన ఒక పత్తి రకానికి నరసింహ అనే పేరు కూడా పెట్టారు. మన అమ్మలు ఎండలో వంగి, ఒడి కట్టుకుని, వేళ్ళు గీరుకుపోతుంటే ఏరిన పత్తి అది. 1990లు, 2000ల కాలంలో ఉమ్మడి కర్నూలు జిల్లాలో హైబ్రిడ్ విత్తనాల పత్తి చేలల్లో పూలకు క్రాసింగ్ చేయడానికి చిన్న వేళ్ళు కావాలని, వేలాది ఆడపిల్లలను బడి మానిపించి పంపేవారు. వాళ్ళలో కొందరు ఇవాళ మనలో కొందరికి అమ్మలు, పిన్నమ్మలు. వాళ్ళకు ఏ అవ్వా పత్తి గుత్తి తెచ్చి ఇవ్వలేదు. బడి చివరి రోజు అనేదే వాళ్ళు చూడలేదు.

అందుకే చెల్లెళ్ళారా, ఆ కథలు చూడండి. నవ్వండి, ఏడవండి, లైటు తీసేశాక ఒకరికొకరు చెప్పుకోండి కూడా, కాకపోతే వార్డెన్ మేడమ్‌కు వినిపించకుండా. కొరియా కథ చెప్పుకున్న రోజున, పారువేట పల్లెల నుంచి వచ్చిన పిల్లల చేత చెంచులక్ష్మి కథ కూడా ఒకసారి చెప్పించుకోండి. గూడెం మర్యాద నిలబెట్టినవాడికే పిల్లను ఇచ్చిన ఆ చెంచుల మాట గుర్తు పెట్టుకోండి. కొవ్వొత్తి ఊదితే గోబ్లిన్ రాడు గానీ, పక్క మంచం మీద జ్వరంతో పడుకున్న పిల్లకు మనం ఒక గ్లాసు వేడినీళ్ళు ఇవ్వవచ్చు, "తిన్నావా?" అని అడగవచ్చు. ఉన్ తక్‌కు గోబ్లిన్ చేసిన మేలులో సగం అదే.

ఇక ఈసారి టెన్త్, ఇంటర్ పరీక్షలు రాసి హాస్టల్ వదిలిపోయే అక్కలకు ఒక మనవి. వీడ్కోలు సభకు మీ అమ్మ పని మానుకుని వస్తే, దండ ఆమె మెడలో వేయండి. రాలేకపోతే మీ మార్కుల కాగితం తీసుకుని నేరుగా ఆమె పనిచేసే చేలోకే పోండి. పత్తి గుత్తి అక్కడే ఉంటుంది, ఈసారి దానిని కోసి ఇవ్వవలసినది మీరు.

- డిగ్రీ తృతీయ సంవత్సరం విద్యార్థిని